పీత పేరు పెట్టుకున్న మచ్చ



ఈసారి పద్యాలను, ప్రబంధాలను కాస్త పక్కన పెట్టి ఒక మచ్చ కథ చెప్పబోతున్నాను. భాషాపండితుడికి వైద్యంతో పనేమిటని మీరు అడగవచ్చు. పని ఒక మాటతోనే మొదలైంది. ఆ మాట మా ఇంట్లోకి వచ్చిన తీరు ముందుగా చెబుతాను.

1970లలో, మా చెల్లెలికి పదిహేనేళ్ళ వయసున, బావిలీలు పెట్టుకోవాలన్న ముచ్చటతో చెవి పైభాగాన మరొక రంధ్రం కుట్టించారు. కంసాలి వచ్చి కుట్టాడు. అమ్మ పసుపూ నూనే రాసింది. పుండు చక్కగా మానింది. మానిన రెండు నెలలకు ఆ రంధ్రం వెనుక సెనగగింజంత బుడిపె తేలింది. ఏడాది తిరిగేసరికి నేరేడుపండంత అయింది. నున్నగా మెరుస్తూ, గట్టిగా, ఎప్పుడూ దురద పెడుతూ ఉండేది. పట్నంలో ఒక వైద్యుడు "దీనిదేముంది, కోసేస్తే పోతుంది" అని కోశాడు. పోయింది కూడ. ఎనిమిది నెలల పిమ్మట తిరిగి వచ్చింది, ఈసారి ఉసిరికాయంత పరిమాణంతో. ఆ తరువాత చాలా ఏళ్ళు మా చెల్లెలు జుట్టును ఆ చెవిమీదుగా దించే దువ్వుకొనేది. పెళ్ళిచూపులకు ముందు రోజు అమ్మ అద్దం ముందు కూర్చోబెట్టి ఆ జుట్టును ఎన్నిసార్లు సరిచేసిందో నాకు ఇప్పటికీ గుర్తు.

ఆ వైద్యుడు చీటీ మీద రాసిన మాట కీలాయిడ్. అప్పుడు నేను భాషాప్రవీణ చదువుతున్నాను. చూసీ చూడగానే ఇది మన 'కీల' శబ్దమే అనుకున్నాను. కీలమంటే మేకు. పైగా ఆయుర్వేదంలో చర్మకీలమనే మాట ఉన్నది, ఒంటిమీద మొలిచే పులిపిరికి ఆ పేరు. ఇంకేమి, సంస్కృత పదాన్ని దొరలు పట్టుకుపోయారని నలుగురికీ చెప్పి పొంగిపోయాను. అది శుద్ధ తప్పు. చదువుకొనే వయసులో చేసిన తప్పులను వదిలిపెట్టకుండా వెంబడిస్తే కొన్ని మంచి చోట్లకు తీసుకుపోతాయి. ఇదీ అటువంటిదే.

*

ఆ మాట పుట్టింది పారిస్ నగరంలో. అక్కడి సెయింట్ లూయీ ఆసుపత్రిలో చర్మవ్యాధులను పరిశీలించిన జాఁ లూయీ అలిబేర్ అనే వైద్యుడు 1806లో ఈ మచ్చలను వర్ణించి, మొదట 'కాంక్రాయిడ్' అని పేరు పెట్టాడు. కేన్సర్ వంటిది అని దాని భావం. రొమ్ము మీద లేచిన మచ్చ ఇరుపక్కలా కాళ్ళు చాచి ఆరోగ్యంగా ఉన్న చర్మంలోకి పాకిపోవడం చూసి ఆయన అలా అనుకున్నాడు. కాని అది ప్రాణం తీసేది కాదని, కేన్సర్‌తో కలిపి చెబితే రోగులు వృథాగా భయపడతారని గ్రహించి, 1816లో పేరు మార్చాడు. గ్రీకు భాషలో 'ఖేలే' అంటే పీత డెక్క. ఆ డెక్కను పోలినది కనుక 'ఖెలాయిడ్', తరువాత ఇంగ్లీషులో కీలాయిడ్.

చిత్రమేమంటే, కేన్సర్ అన్న లాటిన్ మాటకు కూడ పీత అనే అర్థం. మన జ్యోతిషంలోని కర్కాటకమూ అదే జీవి. అంటే అలిబేర్ పీతను వదిలి మళ్ళీ పీత దగ్గరికే వచ్చాడు. మొత్తం జంతువును తీసివేసి డెక్కను మాత్రం ఉంచాడు. ఆ డెక్క ఎందుకు అలా చాచుకుంటుందో తెలియడానికి మరి రెండు వందల ఏళ్ళు పట్టింది. ఆ సంగతి చివర చెబుతాను.

ఇక్కడ ఒక భేదం చెప్పకపోతే మిగిలిన కథ అర్థం కాదు. గాయం మానేటప్పుడు శరీరం కొల్లాజెన్ అనే నారపదార్థాన్ని అల్లి ఆ చోటును పూడ్చుతుంది. పని ముగియగానే అల్లిక ఆగాలి. కొందరిలో అది కొంతకాలం అతిగా సాగి మచ్చ ఉబ్బుతుంది. అయితే గాయం హద్దులోనే ఉండి, కొన్ని నెలలకో ఏళ్ళకో తానే అణగుతుంది. దానిని వైద్యులు హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు. కీలాయిడ్ అలా కాదు. గాయం హద్దు దాటి పక్క చర్మంలోకి పెరుగుతుంది, తనంత తానుగా తగ్గడం అరుదు. నల్లని, చామనచాయ శరీరాలలో ఎక్కువగా కనబడుతుంది. కుటుంబాలలో వంశపారంపర్యంగా వస్తుంది. రొమ్ము, భుజం, చెవి, దవడ దాని ఇష్టమైన చోట్లు. అంటువ్యాధి కాదు, కేన్సరూ కాదు. ఈ రెండు రకాల మచ్చలను కలగలిపి చూసినందువల్లనే పూర్వం ఒక మందు ఒకరికి అద్భుతంగా, మరొకరికి నిష్ఫలంగా తోచింది.

*

మన వారికి ఇది తెలియదా? పీత పోలిక తట్టకపోయినా వ్యాధి తెలుసు. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో ఇరవైమూడవ అధ్యాయం వ్రణం ఎప్పుడు సరిగా మానినట్టో చెబుతుంది. గ్రంథి ఉండకూడదు, వాపు ఉండకూడదు, నొప్పి ఉండకూడదు, చర్మంతో సమానమైన రంగు రావాలి, చర్మంతో సమతలంగా ఉండాలి. ఈ లక్షణాలను ఒక్కొక్కటే తలకిందులు చేస్తే కీలాయిడ్ మన కళ్ళముందు నిలుస్తుంది. అంటే సుశ్రుతుని లెక్కన కీలాయిడ్ మానిన గాయం కాదు. పైకి మూసుకున్నా లోపల ఇంకా మానుతూనే ఉన్న గాయం.

చికిత్సాస్థానం మొదటి అధ్యాయంలో ఆయన వ్రణానికి అరవై ఉపక్రమాలు చెప్పాడు. వాటిలో లోతుగా మిగిలిన చోటును పైకి తెచ్చే ఉత్సాదనం, ఉబ్బిన మాంసాన్ని కిందికి దించే అవసాదనం ఉన్నాయి. తెల్లబడిన మచ్చకు నలుపు తెచ్చే కృష్ణకర్మ, నల్లబడిన దానికి చాయ తెచ్చే పాండుకర్మ కూడ వేరువేరుగా ఉన్నాయి. గాయం మూసుకున్నంత మాత్రాన వైద్యుని పని అయిపోలేదని, మచ్చ కూడ వైద్యుని బాధ్యతేనని ఆనాడే తలచారన్నమాట.

వాగ్భటుడు అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో గ్రంథులను తొమ్మిదిగా విభజించి, అందులో వ్రణగ్రంథిని ప్రత్యేకంగా చేర్చాడు. ఇంకా మానని, లేక అప్పుడే మానిన వ్రణం ఉన్నవాడు పథ్యం తప్పినా, కట్టు లేకుండా ఉన్నా, ఆ చోట దెబ్బ తగిలినా అక్కడ గ్రంథి కడుతుందని, మంట, దురద ఉంటాయని వర్ణించాడు. మంట, దురద! మా చెల్లెలి రాత్రులు నాకు అక్కడ కనిపించాయి. తరువాత సాధ్యమైన గ్రంథులను చెప్పే చోట ఆయన వ్రణగ్రంథిని చేర్చలేదు. నయం చేయగలమని చెప్పలేని చోట ఊరుకున్నాడు.

సముద్రాలకు ఆవల ఆఫ్రికాలో పలు జాతుల వారు ఇదే మచ్చను అలంకారంగా పెంచుకున్నారు. చర్మాన్ని వరుసగా గాట్లు పెట్టి, బూడిద రుద్ది, ఉబ్బెత్తు మచ్చలు తేలేటట్టు చేసి, వాటితో వంశాన్నీ అందాన్నీ చాటుకున్నారు. మనకు వాతలున్నాయి. పసిబిడ్డకు జబ్బు చేస్తే కాల్చిన ఇనుముతో వాత పెట్టే మొరటు వైద్యం మన పల్లెల్లో చాలాకాలం సాగింది. జబ్బు వాతవల్ల తగ్గిందో లేదో గాని, వాత మీద లేచిన మచ్చ కొందరికి జన్మంతా మిగిలింది.

*

ఇక ఆధునిక చికిత్సలకు వద్దాం. మొదట అందరికీ తోచేది కత్తి. ఉబ్బింది కనుక కోసెయ్యాలి. ఇంతకంటె సహజమైన ఆలోచన ఏముంటుంది? కాని కీలాయిడ్‌ను కోయడమంటే కీలాయిడ్ పుట్టించే శరీరానికి మరొక గాయాన్ని, అదీ మునుపటికంటె పెద్దదాన్ని ఇవ్వడమే. కత్తి ఒక్కటే వాడితే తిరిగి వచ్చే అవకాశం నూటికి 45 నుండి 100 వరకు ఉంటుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. మా చెల్లెలికి జరిగింది దురదృష్టం కాదు, జరగవలసినదే జరిగింది. ఆ లెక్క నాకు తెలిసేసరికి ముప్పై ఏళ్ళు గడిచాయి.

కత్తికి తోడు దొరికినది కిరణం. రాంట్‌జెన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్న పదకొండేళ్ళకు, 1906లో, ఫ్రాన్స్ వైద్యులు ద బ్యూర్మాన్, గూజెరో వీటిని కీలాయిడ్ మీద ప్రయోగించి ఫలితాలను ప్రకటించారు. మన వాడుకలో చెప్పాలంటే కరెంటు పెట్టడం. ఈనాడు ఇది ఒక పద్ధతిలో స్థిరపడింది. మచ్చను కోసిన ఒకటి రెండు రోజుల్లోనే, కొత్త అల్లిక మొదలయ్యేలోపు, కొద్ది మోతాదులో కిరణాలు ఇస్తారు. కోయడం, కిరణం రెండూ కలిస్తే తిరిగి రావడం బాగా తగ్గుతుంది. కిరణాలకు ఎన్నో ఏళ్ళ తరువాత కేన్సర్ తెచ్చే స్వభావం స్వల్పంగానైనా ఉన్నది కనుక పిల్లలకు, గర్భిణులకు, మెడలో థైరాయిడ్ వంటి సున్నితమైన చోట్లకు వాడడానికి వెనుకాడుతారు.

కీలాయిడ్ అనే మాట వైద్యుల పుస్తకాలను దాటి సామాన్యుల నోటికి వచ్చిన దేశం ఒకటి ఉన్నది. అది జపాన్. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడింది. ఆ క్షణపు వేడికి కాలి, బ్రతికి బయటపడిన వారి గాయాలు నెలల్లో మానాయి. మానిన తరువాత, 1946, 47 నాటికి, ముఖాల మీద, మెడల మీద, చేతుల మీద మచ్చలు ఉబ్బి లేచాయి. కోస్తే తిరిగి వచ్చాయి. వేళ్ళు వంగి అతుక్కుపోయిన వారు, కనురెప్పలు మూతపడనివారు, గడ్డం మెడకు అంటుకున్నవారు ఉన్నారు. ఆడపిల్లలు ఇళ్ళనుండి బయటకు రావడం మానుకున్నారు.

కియోషి తనిమోతో అనే హిరోషిమా మతాచార్యుడు, నార్మన్ కజిన్స్ అనే అమెరికా సంపాదకుడు కలిసి పూనుకొని, 1955 మే నెలలో అటువంటి 25 మంది యువతులను న్యూయార్క్ పంపించారు. మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో ఆర్థర్ బార్‌స్కీ బృందం వారికి మొత్తం 138 శస్త్రచికిత్సలు చేసింది. పత్రికలు వారిని 'హిరోషిమా కన్యలు' అన్నాయి. బాంబు వేసిన దేశమే ఆ గాయాలకు కుట్లు వేయడమన్నది చరిత్రలో ఒక విచిత్రఘట్టం. వారిలో తొమోకో నకబయాషి అనే యువతి 1956లో శస్త్రచికిత్స సందర్భంలో గుండె ఆగి మరణించింది. మిగిలిన వారు తిరిగి వెళ్ళారు. ముఖాలు పూర్వంవలె కాలేదు. కాని కన్ను మూతపడింది, వేలు వంగింది, మెడ తిరిగింది. ఆ కథ చదివినప్పుడు నాకు తోచింది ఇది. చికిత్స చేసేవారికి మచ్చను తుడిచెయ్యాలన్న తపన ఉంటుంది. బాధపడేవారు కోరేది చాలాసార్లు అంతకంటె చిన్నది. నిద్ర పట్టాలి, దురద పోవాలి, వీధిలోకి వెళ్ళగలగాలి.

*

ఇప్పుడు సూది కథ. ఇందులో మనకొక గర్వకారణం దూరపు చుట్టంలాగ వస్తుంది.

ఎడ్వర్డ్ కెండాల్, ఫిలిప్ హెంచ్, తదేయుష్ రైక్‌స్టైన్ అనే ముగ్గురికి అధివృక్క గ్రంథి స్రావాల మీద, అందులో కార్టిజోన్ మీద జరిగిన పనికి 1950లో నోబెల్ బహుమానం వచ్చింది. వాపును అణచే ఆ మందు వంశంలో పుట్టినదే ట్రయామ్సినొలోన్. దీనిని 1956లో తయారుచేసి ప్రకటించినది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. అది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1940 నుండి పనిచేసి, పరిశోధనలకు నాయకత్వం వహించిన ప్రయోగశాల. ఆయన 1948లోనే కన్నుమూశారు కనుక ఈ మందు ఆయన చేతిది కాదు. లేని కీర్తిని పెద్దలకు అంటగట్టడం వారికి గౌరవం కాదు. కాని ఆయన దున్నిన పొలంలో ఆయన తరువాత పండిన పంట అనడంలో తప్పులేదనుకుంటాను.

ట్రయామ్సినొలోన్ అసిటొనైడ్ అనే రూపాన్ని కీలాయిడ్ లోపలికే సూదితో ఎక్కించడం 1960లలో మొదలైంది. ఇది కొల్లాజెన్ అల్లే కణాలను అణచి, అల్లికను విడదీసే పనికి తోడ్పడుతుంది. నెలకో, ఆరు వారాలకో ఒకసారి చొప్పున పలు పర్యాయాలు చేయించుకోవాలి. ముందుగా దురద తగ్గుతుంది, తరువాత మచ్చ మెత్తబడుతుంది, ఆపైన అణగుతుంది. నేటికీ చాలామంది వైద్యులు మొదట చేపట్టే చికిత్స ఇదే. గట్టి మచ్చలోకి మందు ఎక్కడం కష్టం గనుక సూది బాగా నొప్పి. పైగా చుట్టుపక్కల చర్మం పలుచబడడం, తెల్లబడడం సంభవిస్తాయి. అలా తెల్లబడిన మచ్చలను చూసినప్పుడు సుశ్రుతుని కృష్ణకర్మ గుర్తుకు వస్తుంది.

సూదికి తరువాత తోడు వచ్చినవి కేన్సర్ మందులు. 1957లో ఛార్లెస్ హైడెల్‌బెర్గర్ బృందం తయారుచేసిన ఫ్లూరోయురాసిల్‌ను, 1960లలో జపాన్ శాస్త్రవేత్త హమావో ఉమెజావా కనుగొన్న బ్లియోమైసిన్‌ను స్వల్ప మోతాదులో మచ్చలోకి ఎక్కిస్తున్నారు. ఫ్లూరోయురాసిల్‌ను ట్రయామ్సినొలోన్‌తో కలిపి వాడడం ఇప్పుడు సాధారణమైంది. అలిబేర్ తన మచ్చను కేన్సర్ పేరునుండి తప్పించాడు. కేన్సర్ మందులు మాత్రం దానిని వెతుక్కుంటూ వచ్చాయి.

తక్కిన మార్గాలను త్వరగా చెబుతాను. కాలిన గాయాల మీద బిగుతైన ఒత్తిడి దుస్తులు తొడిగి మచ్చ లేవకుండా అదిమి ఉంచడం 1970లలో అమెరికాలోని గాల్వెస్టన్ వైద్యుల కృషితో వ్యాపించింది. రోజులో దాదాపు అన్ని గంటలూ, నెలల తరబడి ధరించాలి. చెవి కీలాయిడ్ కోసిన తరువాత తమ్మెను అదిమిపట్టే ఒత్తిడి కమ్మలూ ఈ కోవలోవే. 1983లో ఆస్ట్రేలియా వైద్యులు సిలికోన్ జెల్ పలకలు మచ్చను మెత్తబరుస్తాయని ప్రకటించారు. నొప్పి లేదు, హాని స్వల్పం, కాని రోజుకు పన్నెండు గంటలకు తక్కువ కాకుండ, కొన్ని నెలలపాటు అంటించుకోవాలి. ముదిరిన కీలాయిడ్ కరిగించడానికి కంటె కొత్త మచ్చను లేవకుండ ఆపడానికి ఇవి ఎక్కువ ఉపయోగం. సున్నకు దిగువ 196 డిగ్రీల చల్లదనం గల ద్రవనత్రజనితో గడ్డకట్టించడం చిన్న కీలాయిడ్లకు పనిచేస్తుంది. కాని అది రంగునిచ్చే కణాలను కూడ చంపుతుంది కనుక మన వంటి చాయవారికి తెల్లని మరక మిగిల్చే భయం ఉన్నది. లేజర్లు ఎర్రదనాన్ని, దురదను తగ్గిస్తాయి. అవి ఒంటరిగా గెలవడం అరుదు.

*

ఇప్పుడు పీత డెక్క సంగతి. జపాన్ శస్త్రవైద్యుడు రెయ్ ఒగావా, ఆయన సహచరులు ఈ శతాబ్దంలో ఒక సులువైన ప్రశ్న వేసుకున్నారు. కీలాయిడ్లకు చోటును బట్టి ఆకారం ఎందుకు మారుతుంది? రొమ్ము మీద అది పీత డెక్కవలె అడ్డంగా చాచుకుంటుంది. భుజం మీద సీతాకోకచిలుకవలె విచ్చుకుంటుంది. చెవి తమ్మె మీద మాత్రం గుండ్రంగా ఉంటుంది. వారు చూపిన సమాధానం చర్మపు లాగుడు. చేయి కదిలినప్పుడల్లా రొమ్ము కండరాలు అక్కడి చర్మాన్ని ఇరుపక్కలకు లాగుతాయి. మచ్చ ఆ లాగిన దిక్కునే పెరుగుతుంది. తమ్మెను ఏ కండరమూ లాగదు కనుక అక్కడ ఉండలాగ ఊరుతుంది. చర్మం వదులుగా ఉండే పైకనురెప్ప మీద కీలాయిడ్ రావడం చాలా అరుదు. అందుకే ఈనాటి శస్త్రవైద్యులు లోపలి పొరలలోనే బిగువును పట్టే కుట్లు వేసి, పైచర్మం మీద లాగుడు పడకుండ చూస్తున్నారు.

రెండు వందల ఏళ్ళ కిందట అలిబేర్ చూసి పేరు పెట్టిన ఆకారం లోపలే వ్యాధి రహస్యంలో ఒక ముక్క దాగి ఉన్నదన్నమాట. లాగుతూ ఉంటే గాయం తాను ఇంకా మానలేదనుకుంటుంది. కోసినా, గిల్లినా, రుద్దినా అంతే. ఇంతవరకు ఫలించిన మార్గాలన్నీ చూడండి. మందు, ఒత్తిడి, సిలికోన్, కోసిన వెంటనే కిరణం, అన్నీ గాయాన్ని ఊరుకోబెట్టే ఉపాయాలే. కత్తికి స్థానం లేకపోలేదు. కాని అది ఒంటరిగా వెళ్ళరాదు.

మా చెల్లెలికి 1990లలో ఒక చర్మవైద్యురాలు దొరికింది. ఆమె మొదటి రోజున కత్తి మాట ఎత్తలేదు. నెలకొక సూది చొప్పున ఆరు నెలలు మెత్తబరిచి, తరువాత కోయించి, కోసిన చోట మళ్ళీ సూదులు వేసి, రెండేళ్ళు విడవకుండ చూసింది. ఇప్పుడక్కడ తెల్లని చిన్న చార మిగిలింది. మా చెల్లెలు జుట్టు వెనక్కి దువ్వుకున్న మొదటి రోజున ఇంట్లో ఎవరమూ ఏమీ అనలేదు. అందరమూ చూశాము.

ఈ మధ్య ఆమె మనవరాలికి చెవులు కుట్టించే మాట వచ్చింది. వంశంలో కీలాయిడ్ ఉన్నది, కుట్టించాలా వద్దా? అవసరం లేని రంధ్రం పెట్టకుండడమే ఉత్తమమని వైద్యులు చెబుతారు. కాని ఇప్పుడు మానితే పిల్ల పెద్దదై తానే కుట్టించుకుంటే? పదకొండేళ్ళు దాటాక కుట్టించుకున్నవారిలో కీలాయిడ్ ఎక్కువగా వస్తుందని 2005లో పిల్లల వైద్యుల పత్రికలో వచ్చిన ఒక చిన్న పరిశీలన చెప్పింది. సుశ్రుతుడు సూత్రస్థానం పదహారవ అధ్యాయంలో కర్ణవేధకు ఆరవ లేక ఏడవ నెలను విధించాడు. ఎండకు చెవిని పట్టి, వెలుతురు పారే చోటు చూసి గుచ్చమన్నాడు. ఆయనకు ఆ పరిశీలన తెలియదు, ఆ పరిశీలకులకు ఆయన ఆదేశం తెలిసి ఉండదు.

రెండు రోజులు ఇంట్లో వాదం జరిగింది. చివరకు మా చెల్లెలే తేల్చింది. "అన్నయ్యా, తమ్మెలకు ఇప్పుడే కుట్టిద్దాం, వైద్యుని దగ్గరే కుట్టిద్దాం. పైచెవి జోలికి మాత్రం నేను బ్రతికుండగా ఎవ్వరినీ పోనివ్వను." ఏడవ నెలలో కుట్టించారు. నాలుగు నెలలైంది. ఆమె రోజూ స్నానం చేయించేటప్పుడు ఆ తమ్మెలను రెండు వేళ్ళతో తడిమి చూస్తుంది. ఇంతవరకు మెత్తగానే ఉన్నాయి.

ఒక మనవి. మా వైపు ఈ మచ్చను కంతి అని, బుడిపె అని మాత్రమే అనేవారు. అవి ఏ గడ్డకైనా చెల్లే మాటలు. మీ ప్రాంతంలో దీనికి ప్రత్యేకమైన పేరు వాడుకలో ఉంటే తెలియజేయండి. పీతను అప్పు తెచ్చుకోకుండ మన మాటతోనే పిలుచుకుందాం. నేను పొరబడిన చోట పెద్దలు దిద్దితే సంతోషిస్తాను.

స్వస్తి.